మోటరు గుంజే ముందు ఫీజు చూడాలి

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పల్లెల్లో పుట్టినవాళ్లకు బోరు మోటరు ఆగిపోతే ఏం చేస్తారో చెప్పనక్కరలేదు. రైతు ముందు మూడు ఫేజుల కరెంటు వస్తోందా అని బల్బు పెట్టి చూస్తాడు. తర్వాత ఫీజులు చూస్తాడు. ఆ తర్వాత స్టార్టరు మూత తీస్తాడు. అదీ బాగుంటే కేబులు వెంట నడుచుకుంటూ పోయి ఎక్కడైనా తెగిందా, ఎలుక కొరికిందా అని వెతుకుతాడు. ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాకనే నలుగురిని పిలిచి, పైపులు విప్పుకుంటూ బోరులోంచి మోటరును పైకి గుంజుతాడు. మోటరు గుంజడమంటే డబ్బుతో, ఒళ్లు నొప్పులతో కూడిన పని. తీరా గుంజినాక పోయింది ఫీజేనని తెలిస్తే ఊరంతా నవ్వుతుంది.

ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఈ పద్ధతికి పెద్ద పెద్ద పేర్లున్నాయి. మన అయ్యలకు ఆ పేర్లు తెలియవు గానీ పద్ధతి తెలుసు. తేలికైనది ముందు, కష్టమైనది తర్వాత. బయటిది ముందు, లోపలిది తర్వాత. ఒక్కొక్కటే చూసుకుంటూ, బాగున్నదాన్ని పక్కన పెట్టుకుంటూ పోవడం. మన ఇళ్లలో ఉన్న ఈ తెలివి మన హాస్టల్ చదువులో ఎక్కడా కనిపించదు. దాన్ని చదువులోకి తెచ్చుకోవాలన్నదే మా అభిప్రాయం. దానికి మాకు తెలిసిన చవకైన దారి ఒకటుంది. చేతితో ఒక రేడియో కట్టుకోవడం, అది పలకనప్పుడు ఎందుకు పలకలేదో వెతకడం.

రేడియోనా, ఈ రోజుల్లోనా?

ఈ మాట అనగానే జూనియర్ తమ్ముళ్లు నవ్వుతారు. చేతిలో ఫోను పెట్టుకొని రేడియో కట్టుకోవడమేమిటని అడుగుతారు. సబబైన ప్రశ్నే. జవాబు ఆ ఫోనులోనే ఉంది. ఫోను చెడిపోతే మనం చేయగలిగింది చాలా తక్కువ. మూత తీస్తే లోపల నువ్వుగింజంత భాగాలు. కంటికి ఆనవు, చేతికి అందవు. షాపతను ఏది చెబితే అదే నిజం, ఎంత అడిగితే అంతే ధర.

చేతితో కట్టిన రేడియోలో దాపరికం లేదు. ఏ ముక్క ఎందుకుందో పేరుతో సహా తెలుస్తుంది. పైగా ఎలక్ట్రానిక్స్ పాఠమంతా ఆ అరచేతి బోర్డు మీదనే ఉంటుంది: పవర్ సప్లై, యాంప్లిఫయరు, ఆసిలేటరు, ఫిల్టరు, మిక్సరు. వెలిగి ఆరే చిన్న బల్బు సర్క్యూటు కట్టామనుకోండి, అది వెలిగితే వెలుగుతుంది, లేకపోతే లేదు. రేడియో చెడిపోయే తీరులు చాలా ఉన్నాయి. పూర్తిగా మూగబోతుంది. గుయ్యిమంటుంది. ఈలలు వేస్తుంది. టపటపమని కొట్టుకుంటుంది. మాట వినిపిస్తూనే పక్కకు జారిపోతుంది. వైద్యుడికి జ్వరం వేరు, దగ్గు వేరు అయినట్టే ఇక్కడా ఒక్కో చప్పుడు ఒక్కో లోపాన్ని చెబుతుంది. ఖరీదైన పరికరాలు లేకున్నా చెవి ఉంటే చాలావరకు పట్టుకోవచ్చు.

వ్యాపారం కోసం కాకుండా నేర్చుకోవడానికి, ప్రయోగాలకు, ఆపదలో సాయానికి వాడే రేడియోను అమెచ్యూర్ రేడియో అంటారు. దాన్ని నడిపేవాళ్లను హామ్‌లు అంటారు. ప్రసారం చేయాలంటే కేంద్ర ప్రభుత్వం పెట్టే పరీక్ష పాసై లైసెన్సు, కాల్ సైన్ తీసుకోవాలి. లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటరు ఆన్ చేయడం నేరం. కాబట్టి ఇక్కడ మేము మాట్లాడుతున్నది వినే సెట్టు గురించే. మాట్లాడే సెట్టు లైసెన్సు తర్వాతి మాట.

మన పక్కనే ఉన్న చరిత్ర

ఇదంతా ఎక్కడో అమెరికాలో, జపాన్‌లో జరిగే ముచ్చట అనుకుంటే పొరపాటు. మన హైదరాబాద్‌లోనే 1983లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో మొదలైంది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతి ప్రసాద్ అనే హామ్ నాయకత్వంలో ఒక బృందం అండమాన్ దీవులకు వెళ్లింది. ఏళ్ల తరబడి హామ్ ప్రసారాలు లేని ఆ దీవుల నుంచి ప్రపంచంతో మాట్లాడాలన్నది వాళ్ల ఉద్దేశం. డిసెంబరు 26న సునామీ వచ్చింది. మామూలు సంబంధాలు తెగిపోయాయి. అప్పటిదాకా సరదా కోసం నడిచిన ఆ రేడియో ఆ పొద్దు నుంచి ఆపద కబుర్లు మోసింది. అప్పటి పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం నుంచి "మావాళ్లు బతికే ఉన్నారా" అనే ప్రశ్నలకు జవాబులు దాని మీదనే వెళ్లాయి.

2005 మే 5న శ్రీహరికోట నుంచి ఇస్రో హామ్‌ల కోసమే హామ్‌శాట్ అనే చిన్న ఉపగ్రహాన్ని పంపింది. దాని బరువు 42.5 కిలోలు. అది 2014 దాకా పనిచేసింది.

మన వాదనకు ఇంకా దగ్గరగా వచ్చే పేరు మరొకటుంది. హైదరాబాద్‌కు చెందిన అష్‌హర్ ఫర్హాన్ 2000ల మొదట్లో బిట్‌ఎక్స్ అనే ట్రాన్సీవరును రూపొందించారు. అంటే వినడం, మాట్లాడడం రెండూ చేసే సెట్టు. 14 మెగాహెర్ట్జ్ మీద సుమారు 6 వాట్లతో పనిచేసే ఆ సర్క్యూటును ఆయన దాచుకోలేదు. ఎవరైనా కట్టుకోవచ్చని వివరాలతో సహా అందరి ముందు పెట్టారు. మామూలు బజారులో దొరికే భాగాలతోనే దాన్ని కట్టవచ్చు. కాయిల్ చుట్టడానికి విదేశీ కోర్లు దొరకకపోతే నల్లాకు వేసే వాషరు మీద తీగ చుట్టుకోవచ్చని చూపారు. ఖరీదైన పరికరాలు లేకుండా సరిచేసుకునేలా దాన్ని తీర్చారు. హైదరాబాద్‌లో పుట్టిన ఈ సర్క్యూటును దేశదేశాల హామ్‌లు తమ బల్లల మీద కట్టుకున్నారు. 2017లో దాని తర్వాతి రూపం మైక్రో బిట్‌ఎక్స్ వచ్చింది. నల్లా వాషరుతో ప్రపంచాన్ని పలకరించవచ్చంటే, పరికరాలు లేవు కాబట్టి నేర్చుకోలేకపోయాం అనే మాటకు సగం బలం పోయినట్టే. మిగతా సగం గురించి ముందు ముందు చెబుతాం.

మైకు ఎవరి చేతిలో ఉండాలన్నది కూడా చిన్న విషయం కాదు. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు గాలితరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో తెలుగువారైన జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి కూడా ఉన్నారు. 2008 అక్టోబరు 15న అప్పటి మెదక్ జిల్లా, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలోని మాచునూరులో సంఘం రేడియో మొదలైంది. నడిపింది దళిత మహిళలు. రికార్డింగు, ఎడిటింగు, ప్రసారం అన్నీ వాళ్ల చేతుల మీదుగానే నడిచాయి. జహీరాబాద్ దిక్కు కూలినాలి చేసుకునే అక్కలు రేడియో స్టేషనే నడిపినప్పుడు, డిగ్రీలు, పీజీలు చదివే మనం ఒక చిన్న సెట్టు కట్టలేమా?

సెట్టు పలకలేదు, ఇప్పుడేం చేయాలి?

అసలు పనికి వద్దాం. 7 మెగాహెర్ట్జ్ మీద హామ్‌ల మాటలు వినే డైరెక్ట్ కన్వర్షన్ రిసీవరు కట్టామనుకుందాం. దీన్ని నాలుగు గదుల ఇల్లు అనుకోవచ్చు. మొదటి గదిలో ఏరియల్ నుంచి వచ్చిన తరంగాల్లో మనకు కావలసినవి వడగట్టే ఫిల్టరు. రెండో గదిలో 7 మెగాహెర్ట్జ్ దగ్గర తానే తరంగం పుట్టించే ఆసిలేటరు. మూడో గదిలో ఆ రెంటినీ కలిపి తేడాను మాటగా మార్చే మిక్సరు. నాలుగో గదిలో ఆ సన్నటి మాటను స్పీకరు దాకా పెంచే యాంప్లిఫయరు. నాలుగు గదులకూ కరెంటు ఇచ్చేది ఒక బ్యాటరీ.

స్విచ్ వేశాం, చప్పుడు లేదు. ఈ ఘడియలో చాలామంది చేసే పని ఏమిటంటే కనిపించిన ముక్కనల్లా పీకి కొత్తది అతికించడం. అది ఫీజు చూడకుండా మోటరు గుంజడమే. పీకిన కొద్దీ బోర్డు మీది రాగి లేస్తుంది. మొదట ఒక లోపం ఉంటే సాయంత్రానికి నాలుగవుతాయి.

మొదట చూడాల్సింది సప్లై. బ్యాటరీని విడిగా కొలిస్తే 9 వోల్టులు చూపి, సెట్టుకు కలపగానే 6కు పడిపోవచ్చు. కాబట్టి సెట్టు నడుస్తున్నప్పుడే కొలవాలి. బ్యాటరీ దగ్గర ఉన్న కరెంటు ప్రతి గదికీ చేరుతోందా అని ఒక్కో చోట మల్టీమీటరు ముల్లు పెట్టి చూసుకోవాలి. ప్లస్, మైనస్ తారుమారు కాలేదు కదా అని చూడాలి.

రెండోది కళ్లతో చూడడం. మంచి అతుకు మెరుస్తూ, తీగ చుట్టూ నిండుగా కూర్చుంటుంది. చెడ్డ అతుకు మసకగా, ఉండలా, పైపైన ఉంటుంది. పైకి అతికినట్టే ఉంటుంది గానీ కరెంటు పోదు. కాయిల్ చుట్టే రాగి తీగకు పైన సన్నని లక్క పూత ఉంటుంది. చివర్లు గీకకుండా అతికిస్తే కంటికి అతుకు, కరెంటుకు గోడ. ట్రాన్సిస్టరు కాళ్లు కూడా చూసుకోవాలి. పుస్తకంలో 2ఎన్3904 అని ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే చాలాసార్లు చేతికొచ్చేది బి.సి.547. ఆ పనికి అదీ సరిపోతుంది. కానీ చదునుగా ఉన్న వైపు మన దిక్కు తిప్పి చూస్తే మొదటిదాని కాళ్లు ఎమిటరు, బేసు, కలెక్టరు; రెండోదాని కాళ్లు కలెక్టరు, బేసు, ఎమిటరు. ఈ ఒక్క తేడాతో మూగబోయే సెట్లు ఎన్నో.

మూడోది సగానికి విడగొట్టడం. బ్యాటరీతో నడిచే సెట్టులో వాల్యూమ్ కంట్రోలు మధ్య కాలును స్క్రూడ్రైవరు కొనతో, దాని ఇనుము మీద వేలు ఆనించి తాకాలి. స్పీకరులో గుయ్యిమంటే నాలుగో గది బాగున్నట్టు. ఒక్క తాకుడుతో సగం సెట్టు నిర్దోషి అని తేలిపోతుంది. గోడ కరెంటుతో నడిచే సెట్టు మీద ఈ పని ఎన్నడూ చేయవద్దు. ప్రాణం పోతుంది.

నాలుగోది ఆసిలేటరు. దీనికి మల్టీమీటరు కన్నా పాత షార్ట్‌వేవ్ రేడియో పనికొస్తుంది. హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద పలికిన కాలంలో మన ఇళ్లల్లో ఉన్న సెట్లు ఇప్పుడు అటక మీద ఉండవచ్చు. షార్ట్‌వేవ్ ఉన్నదాన్ని ఒకదాన్ని దింపి, మనం కట్టిన సెట్టు పక్కన పెట్టి, 7 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల మెల్లగా తిప్పాలి. ఒకచోట గరగర ఒక్కసారిగా సద్దుమణిగితే మన ఆసిలేటరు పలుకుతున్నట్టు. ఎక్కడా సద్దుమణగకపోతే లోపం ఆ గదిలోనే ఉంది. యాంప్లిఫయరుగా పనిచేసే సిలికాన్ ట్రాన్సిస్టరుకు బేసు, ఎమిటరుల మధ్య 0.6 నుంచి 0.7 వోల్టులు ఉండాలి. ఆ లెక్క తప్పితే ఆ ట్రాన్సిస్టరునో, దాని చుట్టూ ఉన్న రెసిస్టరునో అనుమానించాలి.

అన్నీ బాగుండి మాట మాత్రం రాకపోతే ఏరియల్ చూడాలి. 7.1 మెగాహెర్ట్జ్‌కు డైపోల్ ఏరియల్ పొడవు సుమారు 20 మీటర్లు, నడిమిలోంచి ఇటు పది, అటు పది. హాస్టల్ మేడ మీద సరిపోయేంత. తీగ కరెంటు లైన్లకు దూరంగా ఉండాలి. ఇక సెట్టు టపటప కొట్టుకుంటుంటే ఎల్.ఎం.386 చిప్పు సప్లై కాళ్ల దగ్గర 100 మైక్రోఫారాడ్ కెపాసిటరు ఉందా అని చూడాలి. చెయ్యి దగ్గరికి పోగానే స్టేషను జారిపోతుంటే సెట్టును బిస్కెట్ల రేకు డబ్బాలో బిగించాలి. గరగర ఎక్కువైతే సెట్టును తప్పు పట్టే ముందు గదిలోని ఫోను చార్జర్లు, ఎల్ఈడీ బల్బులు ఆపి చూడాలి. కొన్నిసార్లు దొంగ పక్కింట్లో ఉంటాడు.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది. ఒకసారికి ఒక్కటే మార్చాలి, మార్చింది నోటుబుక్కులో రాయాలి. మా గదిలో ఒక సెట్టు ఇరవై రోజులు పలకలేదు. అప్పుడు మమ్మల్ని కాపాడింది నోటుబుక్కే. తాకితే గుయ్యిమనలేదు కాబట్టి లోపం నాలుగో గదిలో ఉందని మొదటి వారంలోనే తేలింది. అతుకులు బాగున్నాయి, సప్లై బాగుంది, స్పీకరు బాగుంది అని రాసుకుంటూ పోతే మిగిలింది చిప్పు ఒక్కటే. కొత్తదే కదా అని దాన్ని ఎవరం అనుమానించలేదు. ఇంకో దుకాణం నుంచి ఇంకో చిప్పు తెచ్చి పెడితే పలికింది. మొదటి దుకాణంవాళ్లు అమ్మింది పనికిరాని సరుకు. ఆ ఇరవై రోజుల్లో మా గదిలో ఒక మాట పదేపదే వినిపించింది: "మనతోని కాదురా ఇది." ఈ వ్యాసం ఆ మాట గురించే.

లోపం ఎక్కడుంది?

మిత్రులారా, "మనతోని కాదు" అన్న మాట మనకు ఎక్కడి నుంచి వచ్చింది? ఇంటర్‌లో ఫిజిక్స్ తప్పితే మనతోని కాదు. ఇంగ్లీషు మీడియంలో పాఠం అర్థం కాకపోతే మనతోని కాదు. ప్రాక్టికల్స్‌లో చేతులు వణికితే మనతోని కాదు. మనలో చాలామందికి ఇంట్లో మొట్టమొదటి డిగ్రీ పట్టా మనదే. ఇది ఎందుకు పోయిందని అడగడానికి ఇంట్లో ఒక అన్న లేడు, ఒక అక్క లేదు. అడిగేవాళ్లు లేనప్పుడు ప్రతి లోపాన్నీ మన తలకాయలోనే ఉందనుకుంటాం.

చుట్టుపక్కలవాళ్లు కూడా అదే చేస్తారు. సెట్టు పలకకపోతే మొదట చూడాల్సింది సప్లై అని పదో తరగతి పిల్లవాడికీ తెలుసు. హాస్టల్ పిల్లవాడు తప్పితే మాత్రం మొదట వాడి బుర్రనే విప్పి చూస్తారు. చదవడంలే, శ్రద్ధ లేదు, రిజర్వేషన్ సీటు అంటారు. నేరుగా మోటరు గుంజుతారు. ఫీజు ఎవరూ చూడరు.

రైతుకు ఫీజు అంటే స్టార్టరు పక్కన ఉండేది. మనకు ఫీజు అంటే రీయింబర్స్‌మెంటు. రెంటిలో ఏది పోయినా అవతల యంత్రం ఆగుతుంది. ఫీజు బకాయి ఉందని సర్టిఫికెట్లు చేతికి రాని విద్యార్థిలో లోపం ఏముంది? తాళం తీయని ల్యాబు వల్ల ప్రాక్టికల్ రాని విద్యార్థిలో లోపం ఏముంది? డిగ్రీ మూడేళ్లలో మల్టీమీటరును పరీక్ష రోజున మాత్రమే ముట్టినవాళ్లు మనలో ఎంతమంది లేరు? సీనియర్ల రికార్డు చూసి గ్రాఫులతో సహా దించి, సంతకాలు పెట్టించుకొని, మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఎంతమంది లేరు? ఆ మార్కులతో ఇంటర్వ్యూకు పోతే రెసిస్టరు రంగులు చదవమంటారు. అక్కడ నోరు పెగలకపోతే మళ్లీ మనతోని కాదు అనుకుంటూ బస్సెక్కుతాం. సప్లై చూడని సెట్టును పారేసినట్టు మనల్ని మనమే పారేసుకుంటున్నాం.

బాబాసాహెబ్ అంబేడ్కర్‌కు ఈ సంగతి తెలుసు. 1942లో వైస్రాయి మండలిలో లేబర్ సభ్యుడైన ఏడాదే షెడ్యూల్డ్ కులాల కష్టాలను వివరిస్తూ ఒక వినతిపత్రం ఇచ్చారు. అందులో మన విద్యార్థుల శాస్త్ర సాంకేతిక చదువులకు ప్రత్యేకంగా ఉపకార వేతనాలు అడిగారు. 1944లో పోస్ట్ మెట్రిక్ ఉపకార వేతనాల పథకం వచ్చింది. మన పిల్లల తెలివి మీద ఆయనకు ఎన్నడూ అనుమానం లేదు. లోపం సప్లైలో ఉందని గుర్తుపట్టి ముందు దాన్ని సరిచేయమన్నారు. 1946 దాకా ఆ పదవిలో ఉన్నప్పుడు దేశ విద్యుత్తు విధానం కూడా ఆయన శాఖ కిందనే ఉండేదన్న సంగతి మనలో ఎంతమందికి తెలుసు?

అయితే లోపం ఎప్పుడూ సప్లైలోనే ఉంటుందని మేము అనడం లేదు. అలా అంటే అదీ మూఢనమ్మకమే అవుతుంది. కొన్నిసార్లు అతుకు మనదే చెడ్డది. చదవాల్సిన పుట చదివి ఉండం. లోపం వెతికే పద్ధతిలోని గొప్పతనమే అది. అది ఎవరి పక్షమూ వహించదు. సర్కారుది తప్పైతే సర్కారుదని, మనదైతే మనదని కొలత చూపి చెబుతుంది. కొలత చేతిలో ఉన్నవాడు ఆఫీసు ముందు ధర్నాకు పోయినా సూటిగా మాట్లాడతాడు, రాత్రి చదువుకు కూర్చున్నా సూటిగా చదువుతాడు.

ఉద్యోగం వస్తుందా?

వార్షికోత్సవం రోజు వచ్చే అన్నలు తప్పక అడిగే ప్రశ్న ఇది. గ్రూప్స్‌కు, డీఎస్సీకి, పోలీసు పరీక్షలకు చదవాల్సిన పిల్లలకు ఈ తీగలెందుకని అంటారు. రేడియో కట్టినందుకు ఎవరూ నియామక పత్రం ఇవ్వరు. ఆ ఆశ మేము చూపడం లేదు. కానీ ఎలక్ట్రానిక్స్, ఫిజిక్స్ చదువుతున్న తమ్ముళ్లకు ఇది సిలబస్‌లో ఉన్న పనే. సబ్‌స్టేషనులో, సెల్ టవరు దగ్గర, ఆసుపత్రి యంత్రాల మరమ్మతులో, ఎక్కడ పని దొరికినా అక్కడ రోజూ అడిగే ప్రశ్న ఒకటే: ఇది ఎందుకు ఆగింది? ఆ ప్రశ్నకు కంఠస్థం పనికిరాదు.

ఇంకొక మాట. 2009 అక్టోబరులో కృష్ణా, తుంగభద్ర వరదలు అలంపూర్ ప్రాంతాన్ని, కర్నూలును ముంచెత్తాయి. నల్లమల లోపల ఫోను సిగ్నల్ అందని చెంచు పెంటలున్నాయి. అలాంటి చోట, అలాంటి రోజున, బ్యాటరీతో నడిచే సెట్టు, దాన్ని బాగుచేయగల మనిషి, చేతిలో ఒక లైసెన్సు ఉంటే దాని విలువ ఎంతో 2004 డిసెంబరు 26 చెప్పింది. ఆ మనిషి మన హాస్టల్ నుంచి ఎందుకు రాకూడదు?

మేము అడుగుతున్నది

పెద్ద కోరికలేమీ లేవు. ప్రతి హాస్టల్‌లో ఒక బల్ల కావాలి. చదువుకునే బల్ల కాదు, పనిచేసే బల్ల. దాని మీద ఒక మల్టీమీటరు, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్ ఒకటి, ఒక కట్టరు, ఒక నోస్ ప్లయరు, బ్యాటరీలు, ఒక పాత షార్ట్‌వేవ్ రేడియో, ఒక లావుపాటి నోటుబుక్కు ఉంటే చాలు. భాగాల ఖర్చు వందల్లోనే ఉంటుంది.

వార్డెన్ సార్లకు ఉండే భయం న్యాయమైనదే. పిల్లలు కాల్చుకుంటారని, వైర్లు మాడుస్తారని, పోలీసులు అడుగుతారని అనుకుంటారు. అందుకే నియమాలు కూడా మేమే చెబుతున్నాం. సెట్లన్నీ బ్యాటరీ మీదనే నడవాలి. గోడ కరెంటు సోల్డరింగ్ ఐరన్‌కు మాత్రమే, అదీ ఒక సీనియర్ కూర్చున్నప్పుడే. కిటికీ తీసి ఉంచాలి. సోల్డరులో సీసం ఉంటుంది కాబట్టి పని కాగానే చేతులు కడుక్కొని అన్నానికి పోవాలి. లైసెన్సు లేకుండా ప్రసారం ఎవరూ చేయరాదు. ఈ అయిదు నియమాలు రాసి బల్ల మీది గోడకు అతికిస్తే సరి.

పూర్వ విద్యార్థులైన అన్నలకు, అక్కలకు మా మనవి. ప్రతి ఏటా వార్షికోత్సవానికి మీరు ఇచ్చే షీల్డులు అల్మారా నిండా ఉన్నాయి. మీ అభిమానానికి చేతులెత్తి మొక్కుతున్నాం. ఈసారి ఒక షీల్డు తగ్గించి ఒక మల్టీమీటరు ఇవ్వండి. విద్యుత్తు శాఖలో, టెలికాంలో, రైల్వేలో పనిచేస్తున్న అన్నలు నెలకు ఒక ఆదివారం వచ్చి బల్ల దగ్గర కూర్చోండి. చెడిపోయిన సెట్టును తమ్ముళ్లకు మీరు బాగుచేసి ఇవ్వకండి. పక్కన కూర్చొని "సప్లై చూశావా తమ్మీ" అని అడగండి చాలు.

బాలికల హాస్టళ్లలో ఈ బల్ల ముందుగా రావాలని కూడా మేము కోరుతున్నాం. మాచునూరు అక్కలు దారి చూపినాక వెనకాడాల్సిన పని లేదు.

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, బల్ల వచ్చేదాకా ఆగవద్దు. ఈ దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు బోరు కాడ అయ్య స్టార్టరు మూత తీస్తుంటే పక్కన నిలబడండి. ఏది ముందు చూస్తున్నాడో, ఏది తర్వాత చూస్తున్నాడో, ఎందుకలా చూస్తున్నాడో అడగండి. తెచ్చి నోటుబుక్కులో రాయండి. మన హాస్టల్ బల్ల మీద పెట్టబోయే నోటుబుక్కులో మొదటి పుట అదే కావాలి.